లడాయి దినాల్లో అడగని బాకీ

“నీ మొగడేమన్న ఫౌజుల ఉన్నడా దేవమ్మా, నేను బాకీ అడగకుండ ఊకునేతందుకు?”

చిట్గుప్పలో కిరాణా కొట్టు నడిపే శరణమ్మ కార్గిల్ యుద్ధమప్పుడు, నలుగురి ముందు ఈ మాట అడిగింది. తప్పేం లేదు. దేవమ్మ భర్త మొగులప్ప కందుల మండీలో హమాలీ. ఫౌజులో, అంటే సైన్యంలో ఉన్నది అతని అన్న శ్రీశైల్. యుద్ధం నడిచే రోజులను ఆ ఊళ్లో లడాయి దినాలంటారు. టీవీలో తుపాకులు పేలినంత మాత్రాన ఎవరు పడితే వాళ్లు ఆ మాట అనడానికి లేదు. మనిషిని పంపిన ఇంటికే అది చెల్లుతుంది. ఆ దినాలు అయిపోయేదాకా ఆ ఇంటిని ఎవరూ బాకీ అడగరు.

ఆ లెక్కన శ్రీశైల్ భార్య, దేవమ్మ తోడికోడలు ప్రేమల ఇంటికి నెలల తరబడి బియ్యం, నూనె వస్తూనే ఉన్నాయి. దేవమ్మ కడుపు అప్పుడు మండడం మొదలైంది. శ్రీశైల్ క్షేమంగా తిరిగొచ్చి, పింఛను తీసుకుంటూ నౌబాద్‌లో ఫ్యాక్టరీ గేటు కాస్తున్నా చల్లారలేదు. దేశం, త్యాగం అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఇవ్వనీ. ఆమెకు కావలసింది కొట్టు దగ్గర ఆ మర్యాద.

2025 మేలో మళ్లీ లడాయి వచ్చింది. అప్పటికి దేవమ్మ కొడుకు తిరుమలేష్ ఫౌజులో డ్రైవరు, జమ్మూ వైపు ఉన్నాడు.

“మా ఇంట్ల లడాయి దినాలు నడుస్తున్నయి” అని కొట్టు ముందు నిలబడి చెప్పింది. శరణమ్మ పాత బాకీ ఊసెత్తకుండా చక్కెర కట్టిచ్చింది. దేవమ్మ ఆ పొట్లం పట్టుకుని నేరుగా ప్రేమల గడప ముందుకే పోయింది.

“సూస్తున్నవా అక్కా, నన్ను గూడ అడుగుతలేరు.”

ప్రేమల రొట్టె తడుతూ తలెత్తలేదు. “కార్గిల్ లడాయప్పుడు శరణమ్మ నన్ను సూసి తల దించుకునేది. బాకీ అడుగుతలేరంటే మీ బావ ఇగ రాడని ఊరంత అనుకున్నట్టే గద. ఒక్కలన్న అడిగితే బాగుండని ఏడ్సిన.”

“నువ్వు ఏడ్సినవా?”

“నీకెట్ల తెలుస్తది. నువ్వు నా నూనె డబ్బా సూస్తుంటివి.”

దేవమ్మకు ఒళ్లు మండింది. భయపడడంలో కూడా ఈమే ముందు. ఆ మంట వెనకే కొడుకు గుర్తొచ్చాడు. ఫోన్ చేస్తే కలవలేదు. ఇంట్లో పైసలన్నీ, మొగులప్ప జేబులోవి కూడా ఊడ్చుకుని కొట్టుకు పోయింది.

“బాకీ అడుగు.”

“లడాయి దినాలు గద దేవమ్మా.”

“మా పోరడు వస్తడు. నువ్వు అడుగు.”

శరణమ్మ అడిగింది. దేవమ్మ పద్దెనిమిది వందలు ఆమె చేతిలో పెట్టింది. ఇంకా ఆరొందలు బాకీ ఉంది, అది కూడా అడగమంది.