రెండో బేస్ తొక్కని ఆటగాడు

సౌదీలో ఖతీఫ్ దగ్గరి క్యాంపులో ఏసీలు బాగుచేస్తాను. నా చదువు అయిదో తరగతితోనే ఆగింది గానీ, చెవిన పడ్డ కథ మాత్రం నన్ను వదిలిపోదు. ఇది మా ఫిలిప్పీన్ ఫోర్‌మన్ దగ్గర విన్నది. పొద్దున వ్యాన్ కదలగానే వచ్చీరాని హిందీలో బేస్‌బాల్ ముచ్చట మొదలుపెట్టేవాడు. అదీ ఇప్పటి ఆట కాదు, నూరేళ్ల కిందట అమెరికాలో జీతాలకు ఆడినవాళ్ల ఆట.

ఆ రోజుల్లో మ్యాచంతా దాదాపు ఒకే బంతితో నడిచేదట. బంతి విసిరేవాడు పొగాకు నమిలి దానిమీద ఉమ్మేవాడట. పొద్దు వాలేసరికి బంతి నల్లగా మారి, కొట్టేవాడి కంటికే ఆనేది కాదట.

"మన బస్టాండు గోడ లెక్కనే అన్నా!" అన్నాడు పక్కన కూర్చున్న మా ఎలక్ట్రీషియన్. అతనిది జగిత్యాల దిక్కు. నేను హిందీలో చెబితే, మన బస్టాండు ఎన్నడూ చూడని ఫోర్‌మన్ కూడా పడిపడి నవ్వాడు.

అన్నిట్లోకీ అతనికి ఇష్టమైన కథ ఒకటుంది. పెద్ద మ్యాచ్, ఆఖరి ఘడియ. నాలుగు బేసులు వరసగా తొక్కి వస్తేనే పరుగట. మూడో బేస్ మీది మనిషి ఆఖరిదైన ‘ఇంటి’కి చేరాడు, పరుగు వచ్చింది, గెలిచామనుకున్నారు. జనం మైదానంలోకి ఉరికారు. మొదటి బేస్ మీదున్న కొత్త ఆటగాడు రెండో బేస్ తొక్కకుండానే బట్టలు మార్చుకునే గదికి పరిగెత్తాడు. అప్పట్లో అందరూ చేసేదే అది. ఆ రోజు మాత్రం ఎదుటివాళ్లు కనిపెట్టి, బంతి తెచ్చి రెండో బేస్‌కు తాకించారు. కొట్టినవాడు మొదటి బేస్‌కు వస్తే, అక్కడున్నవాడు రెండోది తొక్కి తీరాలట; బంతే ముందు తాకితే అతను ఔటు, వచ్చిన పరుగూ చెల్లదు.

"బేస్ టచ్ నహీ, ఖలాస్. రన్ కాన్సిల్!" అని ఫోర్‌మన్ చేతులు దులిపేవాడు. "సబ్ ఐసా కర్తా, గాలీ ఏక్ ఆద్మీకో." పాపం, అందరూ చేసే పనికి ఆ ఒక్కడే జన్మంతా తిట్లు పడ్డాడట.

ఈ చలికాలం ఫోర్‌మన్‌కు ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక ఇంటికి పోతే తిరిగి రాడు. పోయేలోపు పక్క క్యాంపు ఫిలిప్పీన్‌వాళ్లను ఈ ఆటలో ఒక్కసారైనా ఓడించాలని అతని ఆశ. అతని జట్టులో సగంమంది ముందే ఇంటికి పోయారు. అందుకని మమ్మల్ని చేర్చుకున్నాడు. మేమేమో క్రికెట్ మనుషులం. కొట్టగానే ఎలక్ట్రీషియన్ బ్యాటు పట్టుకునే ఉరికేవాడు.

"బ్యాట్ ఛోడో!" అని ఫోర్‌మన్ అరిస్తే, "ఇడిసిపెడితే క్రీజుల దేన్ని పెట్టాలే?" అని నన్ను అడిగేవాడు.

శుక్రవారం పొద్దున, క్యాంపు వెనక ఇసుకలో మ్యాచ్. బేసులంటే ఇసుక నింపిన బాస్మతి సంచులు. ఆఖరికి ఇరుపక్కలా పరుగులు సమానం. మాకు ఇంకొక్క ఔటైతే ఆట అయిపోతుంది. మూడో బేస్ మీద మా ప్లంబర్, మొదటి బేస్ మీద ఎలక్ట్రీషియన్. బ్యాటు ఫోర్‌మన్ చేతిలో. నేను గీత బయట టీ ఫ్లాస్కుతో.

కొట్టాడు! బంతి మనుషుల మధ్యలోంచి దూరంగా పోయింది. ప్లంబర్ ఇంటికి చేరాడు, ఫోర్‌మన్ మొదటి బేస్ తొక్కాడు. ఎలక్ట్రీషియన్ సగం దూరం ఉరికి, గిర్రున వెనక్కి తిరిగాడు. గల్లీ క్రికెట్లో గెలుపు పరుగు రాగానే కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకోవడమే కదా మా అలవాటు!

దూరాన బంతి అందుకున్నవాడికి, రెండో బేస్ దగ్గరివాడు చెయ్యెత్తి సైగ చేశాడు. నాకు వ్యాన్‌లో విన్నదంతా కళ్లముందు కదిలింది.

"ఓరి నీ! బేస్ తొక్కలేదురా! కథ యాదికి లేదా? ఉరుకు!"

అతని మొహం పాలిపోయింది. వెనక్కి మళ్లి, ఉరికి ఉరికి, సంచిమీద బోర్లా పడి దాన్ని కావలించుకున్నాడు. బంతి ఆ తర్వాత వచ్చింది.

"లేవు తమ్మీ, గెలిచినం," అన్నాను దగ్గరికి పోయి.

"నేను లేవ అన్నా. ఫోర్‌మన్ సార్‌నే చెప్పమను. లేకుంటే నూరేండ్లు తిడ్తరు నన్ను!"

ఫోర్‌మన్ వచ్చి అతని పక్కనే ఇసుకలో చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "టచ్ హువా," అని అతని వీపు తట్టాడు. "టచ్ హువా, భాయ్."

దేశం పోయేటప్పుడు ఆ సంచిలోని ఇసుక పారబోసి, సంచిని మడిచి పెట్టెలో పెట్టుకుని పోయాడు ఫోర్‌మన్. మేము కొత్త సంచి వేశాం. ఆట లేని రోజున ఆ దారిన డ్యూటీకి పోతున్నా, ఎలక్ట్రీషియన్ దాన్ని ఓసారి తొక్కిగానీ కదలడు.