గొంగడి కప్పిన కంప్యూటరు

రామన్నపేటల వజీరా ఇంట్ల కంప్యూటరుకు మూత ఉండకపోయేది. చూడవచ్చినోళ్లు ముందుగాల గదే అడిగేది: "ఏంది బిడ్డా, దాని పేగులన్ని బయటవెట్టినవ్?"

"దానికి ఉక్కపోస్తది" అనేది వజీరా. నవ్వేటోళ్లు నవ్వేది, లేనోళ్లు లేదు. ఆమెకేం ఫికర్ లేకపోయేది.

తొంభై ఎనిమిది పోయి తొంభై తొమ్మిది వస్తున్న చలికాలమది. గప్పుడు కంప్యూటరంటె దేవునర్ర లెక్క ఉండె మరి! చెప్పులు బయట ఇడువాలె, కాళ్లు దులుపుకోవాలె, ఏసీ గదిల దానికి గుడ్డ కప్పి పెట్టాలె. బస్టాండు కాడ దుర్గయ్య సెంటర్ల అచ్చం గట్లనే ఉండేది. వజీరా పని నేర్చింది ఆడనే. పెండ్లి పత్రికలన్ని ఆమెనే తయారు చేసేది. ఒకనాడు, "అన్నా, పత్రిక కింద సెంటరు పేరుతోని నా పేరు గూడ వెయ్యి, చేసేది నేనే గద" అన్నది. దుర్గయ్య పొట్ట పట్టుకొని నవ్విండు. తెల్లారినుంచి వజీరా పోలే.

హైదరాబాదు పోయి, పాత సామాను ఏరుకొని, స్కానరు, ప్రింటరుతోని సహా ఒక కంప్యూటరు మిషను జోడిచ్చుకొచ్చింది. వాళ్ల నాయిన టైలరు పని చేసేటోడు. ఆయన పోయినంక ఖాళీగ పడున్న కత్తిరింపు బల్ల మీద దాన్ని పెట్టింది. తల్లి హనీఫా జరసేపు గొణిగింది. తర్వాత ఆమెనే బల్ల తుడిచిచ్చింది.

పుష్యమాసం నడుస్తాంది. పూసలు గుచ్చేలోపు పొద్దుగూకే దినాలు. వజీరా వాళ్లకు రంజాన్ గూడ గప్పుడే వడ్డది. గా దినాలల్ల గొర్లకాపరి గోపయ్య వచ్చిండు. మాఘంల ఆయన బిడ్డ భద్రమ్మ పెండ్లి.

"పత్రిక మీద ఏ దేవుని బొమ్మ వెయ్యాలె మామ?"

"దేవుడు లోపల కూసుంటడు తియ్యి. మీద మాత్రం మా పొట్టేలు ఉండాలె."

అంగి జేబులకెళ్లి ఫోటో తీసిండు. తల్లి సచ్చిన గొర్రెపిల్లను భద్రమ్మ సీసపాలు తాపి సాదిందట. అది పెరిగి పెద్ద పొట్టేలయ్యింది. భద్రమ్మ ఏడుంటె అది ఆడనే. ఫోటోల తలకాయ ఎత్తి, పెండ్లికొడుకు తానే అన్నట్టు చూస్తాంది.

"దుర్గయ్య కాడికి పోతి" అన్నడు గోపయ్య. "సెంటరంత నవ్విన్రు బిడ్డా. పొట్టేలు బొమ్మ ఏస్తె చుట్టాలు దావత్ల కూర గిదే అనుకుంటరని ఎక్కిరిచ్చిండు."

వజీరాకు ముందుగాల నవ్వొచ్చింది, ఎంబడే కోపమొచ్చింది. కోపమే నిలిచింది. "నేనేస్త మామ. ఉన్ని పోగు పోగు కనవడేటట్టు ఏస్త" అన్నది.

మాట ఊర్ల ఎంతసేపు ఆగుతది? దుర్గయ్య ఆమె గడపకాడికే వచ్చిండు.

"చూడు చెల్లె, ఇంటి మిషన్ల గంత పెద్ద బొమ్మ ఎక్కదు. శనివారం మొదటి బస్సుకు గోపయ్య నల్లగొండ ప్రెస్సుకు పోవాలె. ఆదివారం కులదేవుని గుడికాడ మొదటి పత్రిక పెట్టాలె. నీతోని కాకపోతె ఇగ ఊర్ల ఎవ్వలు నీ గడప తొక్కరు. మిషను నాకిచ్చేసి సెంటరుకు రా. నీ కుర్చి ఖాళీగనే ఉన్నది."

"గా కుర్చి సంగతి నాకెరికె అన్నా. దానికి ఒక కాలు పొట్టి."

అన్నదైతె అన్నది గాని, దుర్గయ్య చెప్పింది వట్టి అబద్ధమేం కాదు. పొట్టేలును ఫోటోల వెనకున్న సీను నుంచి కత్తిరించి, ఉన్ని దిద్ది, పెద్దగ చేసే పని మిషనుకు కొండ మోసినట్టయితాంది. పొద్దుగాల కరెంటు ఉంటది, పొద్దెక్కంగనే తీసేస్తరు, మళ్ల ఎప్పుడిస్తరో నమ్మకం లేదు. మిషను తన మామూలు వేగంల ఉరికితె బొమ్మ సగంల ఉండంగనే కరెంటు పోతాంది. అందుకని వజీరా బోర్డు మీద గోరంత ప్లాస్టిక్ టోపీని పీకి పక్క పుల్లలకు తొడిగింది. గట్ల చేస్తె మిషను కంపెనీ చెప్పినదానికన్న ఎక్కువ వేగంతోని ఉరుకుతది. ఉరికింది. కాని కాగింది గూడ, పెనం కాగినట్టు. కాగంగనే తెర మీద బొమ్మ బిగుసుకపోయేది. ఇగ ఆపి, సల్లారనిచ్చి, మళ్ల మొదటినుంచి.

గురువారం రోజా పట్టేముందు తినే సహరీకి తెల్లారకముందే లేచి వజీరా కుండల నీళ్లు ముంచుకున్నది. చేతి ఏళ్లు కొంకర్లువోయినయి. గిలాస పట్టుకుంటె పండ్లు కటకటమన్నయి. గిలాసను చూసింది, కంప్యూటరును చూసింది. "ఇంటి బయట గింత సల్లదనం తేరగ పడి ఉంటె ఇది లోపట కూసోని కాగుడేంది?" అనుకున్నది. డబ్బ మూత పీకేసింది. బల్లను ఈడ్చి ఉత్తరం కిటికి కాడికి తెచ్చింది. దుమ్ము రాకుండ పల్చటి దుపట్ట కట్టి కిటికి బార్లా తెరిచింది.

"ఖిడికీ బంద్ చెయ్ బేటీ, సచ్చిపోతం!" అని హనీఫా దుప్పట్లకెళ్లి కేకేసింది.

"మనం సావం అమ్మీ. ఇది బతుకుతాంది."

నిజంగనే బతికింది. గాలి వచ్చి డబ్బల దూరితె మిషను హాయిగ ఉరికింది. గా పొద్దు కొమ్ములు తయారైనయి.

శుక్రవారం మిషనును ఉన్ని పనికి పెట్టి, వజీరా లోపలికి నమాజుకు పోయింది. గదే టైముకు గోపయ్య చెల్కల మంద కాడ పండుకోని ఇంటికి పోతా, పొట్టేలెట్లున్నదో అని తొంగి చూసిండు. తలుపు ఓరగ తీసే ఉన్నది. కిటికి నుంచి గాలి కొడుతాంది. మూత లేని డబ్బల చిన్న ఫ్యాను గడగడ వణుకుతాంది. ఆయన మనసు కరిగిపోయింది. చలిల పుట్టిన గొర్రెపిల్ల మీద గొంగడి కప్పుడు చిన్నప్పటినుంచి చేసిన పనే గద. భుజం మీద గొంగడి తీసి, డబ్బను నిండార కప్పి, అంచులు గూడ దోపిండు.

వజీరా వచ్చేసరికి గొంగడిల మిషను ఉడుకుతాంది. తెర మీద పొట్టేలు సగం ఉన్నితోని బిగుసుకపోయి ఉన్నది.

"మామా! ఏం జేసినవ్!"

"వణుకుతుండె బిడ్డా..." గోపయ్య ముఖం ఎలవోయింది. "నోరులేని జీవాన్ని ఎట్ల ఇడిసివెట్టిపోవాలె?"

వజీరా తిడ్దామనే నోరు తెరిచింది. ఆయన ముఖం చూసి, గొంగడి తీసి మడిచి ఆయన చేతుల పెట్టింది. కొమ్ముల దాంక దాచుకున్నది మిగిలింది, ఉన్ని అంత పోయింది. మిషను సల్లారేసరికి పొద్దెక్కింది, కరెంటు పోయింది. మిగిలింది ఒక్క శనివారం పొద్దు.

మధ్యాహ్నం దుర్గయ్య మళ్ల కబురు పెట్టిండు: కుర్చి కాలు బాగు చేయించిండట. "ఇంకో కాలు గూడ ఇరగ్గొట్టుకొమ్మను" అని తిప్పి కబురు పంపింది వజీరా.

శనివారం సహరీ అయ్యిందో లేదో గోపయ్య వాకిట్ల నిలబడ్డడు. ఈసారి వజీరానే ఆయన గొంగడి అడిగి తీసుకున్నది. తీసుకొని తన మీద కప్పుకున్నది, ముక్కు దాంక. "మామా, నువ్వు వెనక తలుపు తెరిచి పట్టుకో, గాలి ఇట్ల వచ్చి అట్ల పోవాలె. అమ్మీ, నువ్వు ముందు తలుపు." ఇల్లంత ఈదురుగాలి! ఇటు హనీఫా వణుకుతాంది, అటు గోపయ్య వణుకుతున్నడు, నడుమ గొంగడిలకెళ్లి వజీరా రెండు ఏళ్లు మాత్రం బయటవెట్టి నొక్కుతాంది. వణకనిది తెర ఒక్కటే.

ఉన్ని వచ్చింది. మెడ వచ్చింది. పొట్టేలు నిండుగ తలకాయ ఎత్తి నిలవడ్డది. ప్రింటర్లకెళ్లి కాయితం కిర్రుకిర్రుమనుకుంట బయటికి వస్తుంటె గోపయ్య తలుపు ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు.

"అబ్బ! గిది మా పొట్టేలే బిడ్డా!" అన్నడు. కింద చిన్న అక్షరాలు చూపెట్టి, "గిదేంది?" అని అడిగిండు. ఆయనకు చదువు రాదు.

"నా పేరు మామ. 'తయారు చేసింది వజీరా, రామన్నపేట.' ఉంచుదునా?"

"ఉంచకపోతె నేను తీసుకపోను!"

మొదటి బస్సు ఎక్కేముందు గోపయ్య ఊకుంటడా? బస్టాండుల కనవడ్డోళ్లందరికి కాయితం చూపెట్టిండు. దుర్గయ్యకైతె ముఖం మీదనే పట్టిండు. జరసేపటికి దుర్గయ్య వజీరా కిటికి ముంగట వచ్చి నిలవడ్డడు. డబ్బను చూసిండు, దుపట్టను చూసిండు, గొంతు సవరిచ్చిండు.

"మంచిగనే ఉన్నది చెల్లె. కాని ఈ ఆట ఎన్నొద్దులు? ఎండకాలం వచ్చినంక ఏం జేస్తవ్?"

"ఎండకాలం మెల్లగ నడుపుత. ఉరికిచ్చేది నేనే, ఆపేది నేనే." వజీరా తెర మీదికెళ్లి కండ్లు తియ్యలే. వేరేటోళ్ల పత్రిక అప్పటికే మొదలువెట్టింది. "జర పక్కకు జరుగన్నా. గాలికి అడ్డం నిలవడ్డవ్."