ఓబులేసు కుడిపక్కన నిలబడేదెవరు?

“నవ్వితే నవ్వు గాని అల్లుడా, ముందు ఈ కాలు చూడు. నేను ఇంటి పక్క తిరిగి నిలబడితే ఇది ఒక్కటే కల్లం పక్క చూస్తాది. దీంతోనే శనివారం భజనలో నాకు చోటుంటాదో లేదో అని నా దిగులు.”

అరుగు మీద కూర్చున్న ఓబులేసు మామ కుడికాలు చాపాడు. నిజమే. పాదం బయటికి తిరిగి ఉంది, దారిలో పోయేదెవరో చూద్దామన్నట్టు.

“పెండ్లినాడు తిన్నగానే ఉండె,” అంది కొండమ్మత్త జొన్నలు చెరుగుతూ. “మనిషే వంకర. ఇప్పుడు కాలు గూడ తోడయింది.”

కొమరోలు చుట్టుపక్కల ఓబులేసు మామ పేరు చెబితే జనానికి ఆయన చేను గుర్తురాదు, చెక్కభజన గుర్తొస్తుంది. చేతుల్లో గల్లుమనే చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరిగే వరస. మామ ఎగిరితే దుమ్ము కూడా తాళం తప్పకుండా లేచేదట. త్రిపురాంతకం తిరునాళ్ళ నుంచి వస్తూ బండిలో కూడా ఎగిరాడు. కిందపడ్డాడు. కాలు విరిగింది. గిద్దలూరులో శేషగిరి డాక్టరు కాలికి వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక బ్రహ్మాండంగా అతికింది, పాదం మాత్రం పక్కకు తిరిగి అతికింది.

“దున్నుతా, బండి తోల్తా, అన్నీ బాగుండాయి. వరసలో దిగితేనే చిక్కు. ఎడమకాలు అందరితో పోతాది, కుడికాలు దాని దోవన అది పోతాది. కుడిపక్క ఉద్ది ఎవుడుంటే వాని పిక్క వాచినట్లే.”

ఉద్ది అంటే జోడీగా ఆడే మనిషి. అప్పటి ఉద్ది సుబ్బయ్య కుంటడం మొదలుపెట్టాక, భజన గురువు పెద్దయ్య తేల్చి చెప్పేశాడు: “ఓబులేసూ, ఇంక నువ్వు వరసలో వద్దు. పెట్రోమాక్సు లైటు పట్టుకో.”

“ఆ పొద్దు అన్నం తినలే ఈ మనిషి,” అంది అత్త. “ఒకసారి అడిగినా. మళ్ళీ అడగలే, నాకు మిగులుతాదని.”

మామ ఊరుకోలేదు. డాక్టరు మీద మార్కాపురం కోర్టులో దావా వేశాడు. విచారణ నాడు డాక్టరు తరఫు ప్లీడరు లేచి అడిగాడట.

“సేద్యం చెడిందా?”

“లేదు సామీ.”

“కూలి పోయిందా?”

“లేదు సామీ.”

“నొప్పి ఉందా?”

“నాకు లేదు సామీ. సుబ్బయ్యకుంది.”

కోర్టంతా గొల్లున నవ్వింది. తీర్పు చెప్పే మునసబుగారు బల్ల చరిచి, “మరి నీకు పోయిందేమిటయ్యా?” అన్నారు.

“అడుగు పోయింది సామీ. వరసలో నా చోటు పోయింది.”

“ఎగరడం బతుకుతెరువు కాదు,” అన్నాడు ప్లీడరు. “అది పోతే నష్టమెలా అవుతుంది?”

“నవ్వడం మీ బతుకుతెరువా సామీ? రేపట్నుంచి మానుకోండి, నష్టమో కాదో తెలుస్తాది.”

మునసబుగారు మీసం చాటున నవ్వుకుని, “ఏదీ, ఎగిరి చూపించు,” అన్నారు. అంతే! సాక్ష్యానికొచ్చిన పెద్దయ్య సంచిలోంచి చెక్కలు తీశాడు. సుబ్బయ్య దణ్ణం పెట్టుకుని కుడిపక్క నిలబడ్డాడు. తలుపు దగ్గరి కోర్టు జవానుది తర్లుపాడు, వాడూ భజన మనిషే. ఛాతీ మీది బిళ్ళ సర్దుకుని వరసలో దూకాడు. ఎడమకాలు బాగానే తిరిగింది. కుడికాలు సుబ్బయ్యను తన్ని, అక్కడితో ఆగక మామను ప్లీడరు బల్ల మీదికి లాక్కుపోయింది. సిరాబుడ్డి ప్లీడరుగారి ఒళ్ళో పడింది. కాగితాలు పావురాల్లా లేచాయి. జవాను మాత్రం ఆపలేదు, ఒంటరిగా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ గోలలో మునసబుగారు ఒకటి గమనించారు. ఎదుటి బోనులో నిలబడ్డ డాక్టరు బూట్లు రెండూ తాళం వేస్తున్నాయి!

“డాక్టరుగారూ, మీకు భజన వచ్చా?”

డాక్టరు తల దించుకున్నాడు. “ఇష్టమండీ. కట్టు కట్టేనాడు వీధిలో భజన పోతోంది. చేతులు కట్టు మీదున్నాయి గానీ, కళ్ళు కిటికీలో ఉన్నాయి. తప్పు నాదే.”

“మీ ఒక్కరిదేనా సామీ?” అన్నాడట మామ. “నాకు కనపడ్డంలే, కొంచెం పక్కకు జరగండని అనింది నేనే గదా!”

మునసబుగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. నవ్వు తగ్గాక, ఎంత సొమ్ము ఇప్పించమంటావని అడిగారు. “సొమ్ము నా పక్కన నిలబడి ఎగురుతాదా సామీ?” అన్నాడు మామ. అప్పుడు పెద్దయ్య కల్పించుకుని, వీని కుడిపక్కన నిలబడే మొగోడుంటే వరసలో చోటిస్తానన్నాడు. సుబ్బయ్య చప్పుడు చేయకుండా తలుపు అవతలికి జారుకున్నాడు.

డాక్టరు బోను దిగాడు. “నేను నిలబడతాను. దెబ్బ తగిలితే మందు నా దగ్గరే ఉంది.”

దావా రాజీ అయింది.

“మొదట్లో బాగా తన్నినానులే పాపం,” అన్నాడు మామ కళ్ళు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళవి. “ఇప్పుడు నా కాలు ఎప్పుడొస్తాదో ఆయనకు తెలిసిపోయింది. వచ్చే లోపలే పైకెగురుతాడు, కోటు తోకలు కూడా ఎగురుతాయి. జనం అది కొత్త అడుగనుకొని ఈలలేస్తన్నారు. తర్లుపాడోళ్ళు నేర్చుకుంటన్నారంట అల్లుడా, తిన్నగా ఉండే కాళ్ళను తిప్పుకోని!”

“మరి దిగులెందుకు మామా?”

“మొన్న ఆ డాక్టరు ఎగరడం ఒక రవ్వ ఆలస్యం చేసినాడు,” అంది అత్త. “పిక్క వాచిందంట, శనివారం రానన్నాడంట. పెద్దయ్య అప్పుడే లైటు తుడిచి పెట్టినాడు.”

మామ మొహం మొదటిసారి చిన్నబోయింది. నేను సంచి భుజాన వేసుకుంటే చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వు గిద్దలూరే గదా పోయేది? డాక్టరు దగ్గరికి పోయి చెప్పు. ఈ పాదానికి పాతగుడ్డలు మెత్తగ చుట్టుకోని వస్తా, తగిలినా తెలీదు, ఎట్లయినా రమ్మను. ఆ గుడ్డలు మాత్రం మీ అత్త చుడతాదని చెప్పు. ఆయన చుట్టేటప్పుడు వీధిలో ఏం పోతాదో ఏమో!”