సొరుగులు వాళ్లకు, గూడు నాకు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, వైశాఖమాసం, గురువారం, పొద్దున తొమ్మిదిన్నర. మా ఇంట్లో గడియారం లేదు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పొయ్యే బస్సు మా ఊరి కాడ ఆగేది ఆ టైముకే. ఆ బస్సులో మా అత్త తమ్ముడు దిగినాడు. గంజి పెట్టిన పంచె, భుజాన కండువా, చంకలో గొడుగు. మా చుట్టుపక్కల ఎవరింట్లో అన్నదమ్ములు వేరు పడాలన్నా ఆయన రావాల్సిందే. పెద్దాయన అంటే ఆయనే. విడగొట్టడంలో ఆయనకంత పేరు. ఆయన కలిపిన కొంప ఒక్కటన్నా ఉండాదని నేను వినలేదు.

ఆ రోజు మా ఇంట్లో పంపకం. మా మామ పొయ్యి సంవత్సరం తిరిగింది. ఆయనకు నలుగురు కొడుకులు. నా మొగుడు మూడోవాడు. పైన ఇద్దరు బావలు, కింద ఒక మరిది. నా మొగుడు అంతకు రెండేళ్ల ముందే మా చేలో బావి తవ్వతా తవ్వతా, మట్టిపెళ్ల విరిగి మీద పడి పోయినాడు. బావిలో నీళ్లు మాత్రం పడినాయి. ఆ నీళ్లతో మిగతా ముగ్గురూ వేరుశనక్కాయ పండించుకున్నారు. నాకు మిగిలింది రెండో తరగతి చదివే కూతురు, తూర్పు పక్క ఒక గది. పంపకంలో నాకు భాగం లేదనీ, బిడ్డను తీసుకుని వరికుంటపాడు పక్కన మా అన్న ఇంటికి పోవాలనీ వాళ్లలో వాళ్లు ముందే అనుకున్నారు. మా అన్నకు తన పిల్లలకు పెట్టుకునే గతే లేదు. నాకు కావాల్సింది ఆ గది, ఆ బావి కింద నా మొగుడి వంతు చేను. ఇంకేమీ వద్దు.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చోని, మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని కట్టడి చెప్పినాడు.

"వినండిరా. భాగస్తుడైనోడు ముందుకొచ్చి తన వంతు మీద చెయ్యి వెయ్యాల. చెయ్యి వేసినాక వెనక్కి లేదు. భాగస్తుడు కానోళ్లకి ఈ పంపకంలో చీపురుపుల్ల కూడా ముట్టకూడదు. తింటే ఇంత అన్నం తిని పోవాల, అంతే."

చివరి మాట నా పక్క చూసి చెప్పినాడు. నేను తలొంచుకోలేదు.

మధ్యాహ్నానికంతా చేను మూడు ముక్కలైంది. ఎడ్లు, బండి, బిందెలు, రోలు అన్నీ తెగినాయి. మిగిలింది దొర పెట్టె.

దాని సంగతి చెప్పాల. మా మామ వయసులో ఉన్నప్పుడు ఉదయగిరిలో మిషను బంగళా దొరకు బండి తోలేవాడు. దొర తన దేశానికి పోతాపోతా దాన్ని ఈయనకిచ్చి పోయినాడు. నడుమెత్తు పెట్టె, ఇరుగుడు చెక్క. ముందు పక్క ఒకదాని కింద ఒకటి మూడు వెడల్పాటి సొరుగులు, లాగడానికి ఇత్తడి కడియాలు, కాళ్లకు పులిగోళ్లు చెక్కినారు. దొరసాని పైసొరుగులో చేతిగుడ్డలు, మధ్యదాంట్లో లోగుడ్డలు, కిందిదాంట్లో దుప్పట్లు పెట్టుకునేదంట. చేతులు తుడుచుకునే గుడ్డకు కూడా ఇల్లు కట్టిచ్చిన మనుషులు వాళ్లు. మా ఇంట్లో ఆడదానికి రెండు కోకలు, ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. సొరుగులో ఏం పెట్టాల? పైదాంట్లో మా మామ తన తలగుడ్డ పెట్టినాడు. మధ్యదాంట్లో చింతపండు. వానాకాలం వస్తే చెక్క ఉబ్బిపొయ్యేది. పులుసు కాయాలంటే ఇద్దరు మొగోళ్లు కాలు తన్నిపెట్టి లాగాల. కిందిది అసలు మూసుకునేదే కాదు, దాంట్లో కోడి పొదిగేది. అయినా ఇంటికి సంబంధాలోళ్లు వస్తే ముందు చూపించేది ఆ పెట్టెనే. మా నాయన కూడా దాన్ని చూసే నన్ను ఆ ఇంట్లో ఇచ్చినాడు. లోపల కోడి ఉండాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"పెద్దోణ్ణి నేను. అది నా ఇంట్లో ఉండాల," అన్నాడు పెద్ద బావ. "శీమ సరుకది."

"శీమ సరుకైతే శీమకే పంపీ," అన్నాడు చిన్న బావ. "ఇన్నేళ్లు దాన్ని తుడిచి పెట్టింది ఎవరు? నేను."

"ఎప్పుడు తుడిచినావన్నా? కోడిరెట్ట ఇంకా అట్నే ఉండాది," అన్నాడు మరిది.

చేను కొలిచేటప్పుడు గట్టు కాడ కూడా నోరెత్తని ముగ్గురూ చెక్క కోసం చొక్కాలు పట్టుకున్నారు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేసే సాయిబు ఒకాయన మా పాత దూలం బేరానికి వచ్చి ఉన్నాడు. బయటి మనిషి సాక్ష్యానికి పనికొస్తాడని పెద్దాయన ఆయన్ని కూర్చోబెట్టుకున్నాడు. సాయిబు బీడీ ఆర్పి, "నాకియ్యండి భాయ్. ముగ్గురికీ సమానంగా గరిటెలు చేసిస్తా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వినాను. గుమ్మంలో నిలబడిన పెద్ద బావ పెళ్లాం నన్ను ఉరిమి చూసింది.

పెద్దాయన చానాసేపు మీసం దువ్వి తీర్పు చెప్పినాడు. "సొరుగులు మూడు, కొడుకులు ముగ్గురు. దేవుడే లెక్క చేసి పెట్టినాడు. తలా ఒకటి లాక్కోండి."

నా మొగుడు చచ్చింది ఆ లెక్క కుదరడానికే అన్నట్టుండాది ఆ మాట. ఆయన తెలివి అంత. వదిలిపెడితే ఆవును కూడా కాలికొకరికి పంచిపెట్టగలడు.

పెద్ద బావ పైసొరుగు లాగినాడు. దాంట్లో తలగుడ్డ ఉంటే, తన నాయనదే, తీసి నేలమీద పడేసినాడు. చిన్న బావ మధ్యదాన్ని గోడకు కాలు తన్ని లాగి, చింతపండుతో సహా వెల్లకిలా పడినాడు. మరిది కిందిదాన్ని పట్టుకున్నాడు. కోడి లేవలేదు.

"రేయ్, సొరుగు నీది. గుడ్లు ఉమ్మడివి," అన్నాడు పెద్ద బావ.

"గుడ్లతో, కోడితో, రెట్టతో సహా నాదే," అన్నాడు మరిది. కోడి వాడి చెయ్యి పొడిచింది. ఆ ఇంట్లో తన వంతు కోసం తిరగబడింది అప్పటికి అదొక్కటే.

ముగ్గురూ సొరుగుల మీద చేతులు వేసినారు. గూడు మిగిలింది. పైన ఒక పలక, పక్కన రెండు చెక్కలు, నడుమంతా బోలు. పళ్లూడిన నోరు మాదిరి నిలబడి ఉండాది.

"దీన్నేం చేద్దాం మామా?" అన్నాడు చిన్న బావ.

పెద్ద బావ పెళ్లాం గుమ్మంలో నుంచి అందుకునింది. "ఆమెకియ్యండి. అన్న ఇంటికి మోసుకుపోతాది. పొయ్యిలోకన్నా పనికొస్తాది."

అందరూ నవ్వినారు. పెద్దాయన కడుపు ఊగేట్టు నవ్వినాడు. "సరే. ఏమ్మే, ఈ గూడు నీకు. తీసుకో."

నేను లేచి వచ్చి ఆయన ముందర నిలబడినాను. "మామా, పంపకంలో ఇస్తా ఉండారా, తమాషాకి అంటా ఉండారా?"

ఆయనకు ఎక్కడో చురుక్కుమనింది. "సభలో కూర్చోని తమాషాలాడే మనిషినా నేను? నా నోట్లోంచి వచ్చినాక అది తీర్పు. తీసుకోమన్నానా? తీసుకో."

అందరూ చూస్తా ఉండగా గూడు మీద కుడిచెయ్యి వేసినాను. చెయ్యి తియ్యకుండానే చెప్పినాను.

"భాగస్తుడు కానోళ్లకి చీపురుపుల్ల కూడా ముట్టకూడదని మీరే చెప్పినారు. నాకు ముట్టింది. చెయ్యి వేసినాక వెనక్కి లేదని కూడా మీరే చెప్పినారు. వేసినాను. ఇప్పుడు నేనూ భాగస్తురాలినే. నా గదీ, బావి కింద నా వంతు చేనూ చూపించండి."



"ఇదేంది మామా!" పెద్ద బావ లేచినాడు. "గూడిస్తే చేనడుగుతా ఉండాది?"

"వెనక్కి తీసుకో మామా, ఆ గూడు నాకియ్యి," అన్నాడు చిన్న బావ.

మా అత్త పొద్దుటి నుంచి గోడకానుకోని ఆకు నమలతా ఉండాదే గానీ నోరు తెరవలేదు. అప్పుడు ఉమ్మేసి తమ్ముడితో అనింది. "ఒరే, దీని గూడు వెనక్కి పోతే వాళ్ల సొరుగులూ పోతాయి. చేన్లూ పోతాయి. ఇంకొంచెం మజ్జిగ తెప్పిస్తా, తాగి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టు."

పెద్దాయన సాయిబు పక్క చూసినాడు, ఏమన్నా దారి చూపిస్తాడేమోనని.

"నేను విన్నా సాబ్," అన్నాడు సాయిబు. "ఉదయగిరిలో ఎవరడిగినా విన్నదే చెప్తా."

పెద్దాయన నాకూ వంతు కొలవమన్నాడు. న్యాయం చూసి ఇచ్చినాడనుకునేరు. కాదు. మా ఇంట్లో ఆయన మాట వెనక్కి పోయిందంటే, ఆయన విడగొట్టిన కొంపలన్నీ లేచి ఆత్మకూరు పొయ్యి ఆయన వాకిట్లో కూర్చుంటాయి. అదీ భయం. ఆ ఎండలో మళ్లీ తాడు పట్టుకుని చేలోకి పోయినారు. మూడు ముక్కలు నాలుగైనాయి. నాకు రాళ్లగట్టు పక్కది ఇచ్చినారు, మంచిది ఎట్లా ఇస్తారు? కానీ బావి నీళ్లలో వంతు పడింది. గది కూడా నాదే అయింది. గూట్లో అడ్డంగా పలకలు వేసి గిన్నెలు పెట్టుకున్నాను.

తర్వాత ఎనభైల్లో మద్రాసు నుంచి ఒకాయన కారేసుకుని వచ్చినాడు. సోమశిల డ్యాములో మునిగిన ఊళ్ల తలుపులు, స్తంభాలు కొనుక్కుంటా తిరిగేవాడు. నా గూడు చూసి, గిన్నెలు పక్కకు జరిపి, చెక్క వాసన చూసి, "దీని సొరుగులేవమ్మా?" అన్నాడు. ఆ మాట ఎట్లా పాకిందో, ముగ్గురూ సొరుగులు నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చినారు. పెద్ద బావది పిడకలు వేసుకునేది. చిన్న బావది మేకలకు కుడితితొట్టి, అంచులన్నీ కొరికేసి ఉండాయి. మరిది సొరుగుకు అడుగు చెక్కే లేదు. ఒక్కటీ గూట్లోకి ఎక్కలేదు. ముగ్గురూ నెట్టినారు, గుద్దినారు, ఒకణ్ణొకడు తిట్టుకున్నారు. మద్రాసాయన జేబులోంచి చేతిగుడ్డ తీసి చేతులు తుడుచుకుని కారెక్కినాడు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకేసారి నా గది గడప తొక్కింది ఆ ఒక్కరోజే. అదీ చెక్క కోసం.

నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. మొదట కూతురి పలక మీద, తర్వాత రాత్రిబడిలో నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాయడం ఎందుకంటే, పెద్ద బావ కొడుకు టీ అంగట్లో కూర్చోని, "మా నాయన జాలిపడి మా చిన్నమ్మకు చేను వదిలేసినాడు" అని చెప్పుకుంటా ఉండాడంట. జాలి! ఉన్న మూడు సొరుగుల్లో ఒకదాంట్లో తలగుడ్డ, ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో కోడి. జాలి ఎక్కడ పెట్టుకున్నారు వాళ్లు?

ఆ గురువారం మా ఇంటికాడ ఉన్నోళ్లను చెప్తా ఉండాను, బతికున్నోళ్లను ఎవరైనా పొయ్యి అడగొచ్చు. మంచం మీద ఆత్మకూరు పెద్దాయన. ఆయన పక్కన దూలం బేరానికొచ్చిన ఉదయగిరి సాయిబు. గోడకానుకోని మా అత్త. సొరుగుల మీద చేతులు పెట్టుకుని పెద్ద బావ, చిన్న బావ, మరిది. గుమ్మంలో పెద్ద బావ పెళ్లాం, ఆమె కొంగు పట్టుకుని ఇప్పుడు టీ అంగట్లో జాలి కబుర్లు చెప్పే ఆ కొడుకే. వంటింట్లో చిన్న బావ పెళ్లాం. కింది సొరుగులో కోడి. నా వెనకాల నా కూతురు. గూడు మీద చెయ్యి వేసి నేను.