నీలం చీటీ ఎలుకలు

మా ప్రయోగశాలలో ఎలుకల గది చూసుకున్న పెద్దాయన పోయారని మొన్న ఉదయం బెంగళూరు శివారు వర్తూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయినాడు సార్, ఏం బాధ పడలే" అంది. ఆ మాటకు నాకు ఊరట కలగలేదు, భయం వేసింది.

రెండువేల దశకం చివర్లో నేను బెంగళూరులో పరిశోధన చేస్తుండేవాణ్ణి. ఎలుక మెదడులో కొన్ని కణాలకు మేం తయారుచేసిన రిసెప్టర్‌ను అమర్చేవాళ్లం. అది తాళం లాంటిది. మేమిచ్చే ఒక మందే దానికి తాళంచెవి. సూది వేస్తే ఆ కణాలు సద్దుమణిగి, ఎలుక ఉన్నచోటే ఉండిపోయేది. తాళం లేని ఎలుకల మీద ఆ మందు పనిచేయకూడదు. వాటి బోనులకు నీలం చీటీ కట్టేవాళ్లం, తాళం ఉన్నవాటికి ఎర్ర చీటీ.

పెద్దాయన తలుపు తీసేముందు రెండుసార్లు తట్టి "వస్తా ఉండానప్పా" అనేవారు, ఎలుకలతోనే. టీ తాగాక పాత పేపరు సన్నగా చించి ప్రతి బోనులో వేసేవారు. ఒంట్లో బాగున్న ఎలుక మర్నాటికి ఆ ముక్కలతో గూడు కట్టుకుంటుంది. "మాట రానోళ్ల పని చూడాలప్పా" అనేవారు. నాకు చూడడం నేర్పింది ఆయనే.

ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"నీలం చీటీవి గూడా గూడు కట్టలేదప్పా. మందు పడినాక సుమ్నె, కదలకుండా కూర్చోనుండాయి."

అదే నిజమైతే నా మూడేళ్ల పని నీళ్లపాలు. "మీరే చీటీలు మార్చేసి ఉంటారు" అన్నాను.

"నేను మార్చలేదు."

మా గైడుతోనూ అదే చెప్పాను. నెల తిరక్కుండా పెద్దాయన్ని గేటు దగ్గర కాపలాకు వేశారు.

తర్వాత చీటీలు నేనే కట్టి, మళ్లీ సూదులు వేశాను. మర్నాడు నీలం బోనుల్లో పేపరు ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. డాక్టరేటు తెచ్చుకున్నాను. గేటు దాటే ప్రతిసారీ ఆయన మాత్రం "తిన్నావాప్పా?" అని అడుగుతూనే ఉన్నారు.

పోయిన ఆదివారం, నిజం ఒప్పుకుందామని వర్తూరు వెళ్లాను. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని ఆయన అంటే డాక్టరు ఏదో మందు రాశాడట. అట్ట మీద పేరు చదివాను: మేం ఎలుకలకు వేసిన మందు ఒంట్లోకి వెళ్లాక కొంత ఆ మందుగానే మారుతుందని తర్వాతి ఏళ్లలో తేలింది. "ఇప్పుడు నిమ్మళంగా ఉండాడు సార్" అంది కూతురు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఒళ్లో పేపరు చించకుండా ఉంది.

"చీటీలు మీరు మార్చలేదు. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

ఆయన తల తిప్పారు. "నాకు ఏ రంగు చీటీ కట్టినారప్పా?"

ఆ పేపరు తీసుకుని సన్నగా చించి, ఆయన చేతికి అందేలా మంచం మీద పెట్టి వచ్చేశాను.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు కూతురు ఇంకోటి అడిగింది. "మీరు చించిన పేపరు ముక్కలు పెట్టినచోటనే ఉండాయి సార్. ఊడ్చేయనా?"