పై అంతస్తు అక్క కోపం

మా పై అంతస్తు అక్క పోయింది. ఈ అరబ్బు దేశంలోనే, హాయిల్ అనే ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరిన కొన్ని వారాలకే, ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. యాన్బు నుంచి బావగారు ఫోన్ చేశారు. ఆయన అక్కడ ఒక ప్లాంటులో టెక్నీషియన్. మామూలుగానే మాటలు తక్కువ.

"అమ్మా, డ్యూటీలో ఉన్నావా?" అని అడిగారు. లేనన్నాను.

"మీ అక్క లేదమ్మా ఇంక" అన్నారు.

నేను ఏడవలేదు. చేతిలో ఉన్న గ్లాసును సింకులోకి విసిరికొట్టాను. ఎవరి మీద కోపమో ఆ క్షణంలో నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అల్ ఖోబర్‌లో, అజీజియాలో, మేముండే బిల్డింగులో ఆమెది మా పై ఫ్లాటు. సొంతూరు కాకినాడ. మాది పాలకొల్లు దగ్గర. నేనిక్కడ ఒక ఆసుపత్రిలో గుండెజబ్బుల వార్డులో నర్సుని. ఆమె కూడా మొదట ఆసుపత్రి ఆఫీసులోనే పనిచేసింది. మా ప్రాంతానికంటూ ఒక సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు దాని ఆఫీసులోకి మారింది. దాన్ని నడపడానికి తెచ్చిన విదేశీయుడు ఒక వేసవిలో సెలవుకని వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఎవరో ఒకరు నడపాలి కదా అని ఈమెను కూర్చోబెట్టారు. అలా మా అక్క సీఈవో అయింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పక్కన ఆమెను నిలబెట్టడం నాకిష్టం లేదు.

మొదట్లో ఆమె "మా కండక్టర్ అలిగాడే, రిహార్సల్‌కి రానంటున్నాడు" అంటే, బస్సు కండక్టరుకి రిహార్సల్ ఏమిటా అనుకున్నాను. ఆమె కూరగాయల కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. కర్ర పట్టుకుని అందరి చేతా వాయించేవాడిని అలా అంటారని అప్పుడే తెలిసింది. మరి నువ్వేం చేస్తావక్కా అని అడిగాను.

"నాకు వాయించడం రాదే. వాయించేవాళ్ళకి కుర్చీ వెయ్యడం వచ్చు. వినేవాళ్ళకి ఇంకో కుర్చీ వెయ్యడం వచ్చు. ఇంతే నా ఉద్యోగం."

ఆ కుర్చీలు వెయ్యడానికి ఆమె ఎంతమందితో పోట్లాడేదో కింద మా ఫ్లాటుకి వినిపించేది. హాలు వాళ్ళతో, వీసాల వాళ్ళతో, అద్దెకు తెచ్చిన సంగీతపు కాగితాల్లో పేజీలు తక్కువొచ్చాయని ఎక్కడో యూరప్‌లో ఉన్నవాళ్ళతో. వంటింట్లో నిలబడే పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి తినేది, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. పోట్లాట అయ్యాక బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోసేది. ఎవరి మీదైనా మరీ కోపమొస్తే ఆ మొక్క కుండీ కింద నుంచి మా బట్టల మీదకి నీళ్ళు కారేవి. "ఎవరక్కా ఇవాళ?" అని నేను కిందనుంచి కేకేసేదాన్ని. ఇంట్లో మాత్రం పాట పెట్టనిచ్చేది కాదు. "ఇక్కడ నాకు కుక్కర్ విజిల్ చాలు" అనేది.

ఒకసారి నా సెలవు రోజున "రావే, తోడుగా కూర్చుందువు గాని" అని దమ్మామ్ తీసుకెళ్ళింది. విదేశం నుంచి వచ్చిన వాయిద్యాల పెట్టెలు ఒక కార్గో కంపెనీ గోదాము బయట, నడి ఎండలో పడున్నాయి. మనిషికన్నా ఎత్తైన ఫిడేళ్ళవి. ఆ వేడికి చెక్క పగులుతుంది. లోపలి గుమాస్తా తలెత్తకుండానే "బుక్రా, బుక్రా" అన్నాడు, రేపు రమ్మని. ఆమె ఆఫీసులోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి ఆ పెట్టెల పక్కన, ఎండలో వేసుకుని కూర్చుంది. నేను గొడుగు పట్టబోతే తోసేసింది.

"వాటికి లేని గొడుగు నాకెందుకే?"

గుమాస్తా కాసేపు కిటికీలోంచి చూశాడు. నీళ్ళ సీసా పంపాడు. ఆమె ముట్టలేదు. చివరికి తనే బయటికొచ్చి ఫోర్క్‌లిఫ్ట్ వాణ్ణి కేకేసి, పెట్టెలన్నీ ఏసీ షెడ్డులోకి పెట్టించాడు. తిరుగు దారిలో ఆమె ముఖం కందిపోయి ఉంది. నేను తిట్టాను. "నువ్వు నర్సువి, నన్ను తిట్టకపోతే ఎవర్ని తిడతావ్?" అంది.

ఇప్పుడు అసలు సంగతి.

శుక్రవారం మధ్యాహ్నాలు జరిగే రిహార్సల్‌కి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని ఆమె ఒక పద్ధతి పెట్టింది. మా ఆసుపత్రి బస్సు నడిపే ఖాజా భాయ్, కడప ఆయన, మమ్మల్ని, నర్సులందరినీ, తీసుకెళ్ళేవాడు. మొదట బయట బస్సులో ఏసీ వేసుకుని పడుకునేవాడు, తర్వాత మాకంటే ముందు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇలా వచ్చేవాళ్ళ కోసం ఆ ఏడాది పెద్ద కచేరీలో వెనక వరసలు కేటాయించాలని అక్క బోర్డు వాళ్ళ మెడలు వంచి ఒప్పించింది. మేమంతా డ్యూటీలు మార్చుకున్నాం. కొందరు ఒంటి మీది యూనిఫారంతోనే బస్సెక్కారు.

గేటు దగ్గర ఆపేశారు. చెవిలో వైరు పెట్టుకున్న ఈవెంటు మేనేజరు ఒకడు, మన దేశంవాడే, వెనక వరసలు అతిథుల సిబ్బందికి ఇచ్చేశామని చెప్పాడు. పార్కింగ్‌లో పెద్ద తెర పెట్టారట, అక్కడ నిలబడి చూడొచ్చట.

ఖాజా భాయ్ మెల్లగా నా పక్కకొచ్చాడు. "పోదామా సిస్టర్? వీళ్ళు లోపలికి ఇడిసేట్టు ల్యారు. మనకెందుకు ఈ మర్యాద?"

నేను అక్కకి ఫోన్ చేశాను. పక్క తలుపులోంచి వచ్చింది, చేతిలో వాకీటాకీ. పట్టుచీర కట్టుకుంది, కాళ్ళకి మాత్రం స్పోర్ట్స్ బూట్లు. మమ్మల్ని చూసింది, మా వెనక తెరను చూసింది. మేనేజరు వైపు తిరిగి, "ముందు వరసలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి?" అని అడిగింది.

"అవి ముఖ్య అతిథులవి మేడమ్. రావచ్చు."

"రాకపోవచ్చు కూడా కదా?"

"మేడమ్, ప్లీజ్. ఈ డ్రెస్సులతో వీళ్ళని అక్కడ ఎలా కూర్చోబెడతాం? టీవీ వాళ్ళున్నారు."

అక్క ఒక్క క్షణం అతన్ని చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "నేను చెప్పేదాకా స్టేజీ మీదికి ఒక్కరినీ పంపద్దు" అంది.

కచేరీ మొదలవలేదు. వాయించేవాళ్ళంతా వాయిద్యాలు పట్టుకుని స్టేజీ పక్క చాటున నిలబడ్డారు. లోపల జనం చప్పట్లు కొట్టారు, ఆపారు, మళ్ళీ కొట్టారు. బోర్డు ఛైర్మన్ తనే బయటికొచ్చాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆమె పక్కన నిలబడి, చిన్నగా, చుట్టంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. ఇంగ్లీషులో ఆయనన్నది ఇంతే: "మీరు మమ్మల్ని అవమానిస్తున్నారు."

"అవమానం గేటు దగ్గర జరిగింది సర్. నేను దాన్ని మీకు చూపిస్తున్నాను, అంతే" అంది మా అక్క. ఆమె గొంతు మాత్రం పెద్దదే. అందరం విన్నాం.

ఆయన చేత్తో, ఈగను తోలినట్టు, గేటు వైపు ఊపాడు.

మేం ముందు వరసల్లో కూర్చున్నాం, యూనిఫారాలతో, ఆసుపత్రి బ్యాడ్జీలతో. వాయిద్యం మొదలయ్యాక కొందరు అతిథులు వచ్చారు. మేనేజరు వంగి వంగి నడుస్తూ మమ్మల్ని లేపడానికి వచ్చాడు. అక్క వరస చివర, నడవలో, చేతులు కట్టుకుని నిలబడింది. అతను వెనక్కి వెళ్ళిపోయాడు. చివరి చప్పట్లదాకా ఆమె అలాగే నిలబడే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఖాజా భాయ్ అన్నాడు: "వాయించే ముందర అంతమందీ ఒక్కసారిగా ఊపిరి పీలుస్తారు సిస్టర్. ముందర కూచుంటే అది ఇనపడుతుంది. నాకు తెలీదు ఇన్నాళ్ళూ."

ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. గేటు సంగతి ఎవరూ ఎత్తలేదు. సంస్థకి కొత్త దిశ కావాలట. మర్యాదగా పువ్వులిచ్చి మరీ పంపించారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి. తిట్టి పంపినా బాగుండేది, తిరిగి తిట్టడానికి ఆమెకి ఒక మాట దొరికేది.

వాయించేవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత ఒకతను, సన్నటి పిల్లనగ్రోవి లాంటిది వాయించే విదేశీయుడు, కేకు పట్టుకుని పై ఫ్లాటుకి వచ్చాడు. "ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు వాళ్ళ చేతిలో ఉంది, ఏమీ అనలేకపోయాను" అని తలొంచుకున్నాడు. నేనైతే తలుపు వేసేసేదాన్ని. అక్క అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "నువ్వు వాయించు. మాట్లాడ్డం నా పని" అంది. అతను వెళ్ళాక కేకు నా చేతిలో పెట్టి, "తీసుకెళ్ళవే, ఇది నా గొంతు దిగదు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు అప్పుడొక్కసారే చూశాను.

తిరిగి ఆసుపత్రి ఆఫీసు ఉద్యోగమే దొరికింది, హాయిల్‌లో. సామాను సర్దే రోజుల్లో మెట్ల మీద సగంలో ఆగి గోడ పట్టుకుని నిలబడేది. ఏమైందక్కా అంటే, "లిఫ్టు పాడైంది కదే, ఆయాసం" అంది. ఈసీజీ తీద్దాం రమ్మన్నాను. హాయిల్‌లో చేరేది ఆసుపత్రిలోనే కదా, అక్కడ తీయించుకుంటానంది. తీయించుకోలేదు. రోజూ గుండెలు పట్టుకుని వచ్చేవాళ్ళ మధ్య బతికేదాన్ని నేను. నా కళ్ళముందు ఆగి, నాకే అబద్ధం చెప్పింది. ఊరందరికోసం పోట్లాడిన మనిషి తన ఒంటికోసం ఒక్క గంట పోట్లాడలేదు. ఛైర్మన్ మీద ఎంత కోపముందో ఆమె మీదా నాకు అంతే ఉంది. పోయినవాళ్ళ మీద కోపం రాకూడదంటారు. వస్తోంది, ఏం చెయ్యను?

ఆమె పోయిన వార్త తెలిశాక సంస్థ వాళ్ళు ఒక ప్రకటన పెట్టారు. సౌమ్యురాలట. అందరినీ కలుపుకుపోయే శాంతస్వభావమట. సంతాప సభకి నన్ను కూడా పిలిచారు, ముందు వరసలో చోటు ఉంచుతామన్నారు. నేను వెళ్ళలేదు. వెళితే అక్కడ ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలిసేది కాదు. మా అక్క సౌమ్యురాలు కాదు. ఆమెకి కోపం వచ్చేది. అన్నం పెట్టినంత మామూలుగా, మనకోసం వచ్చేది. అది ఆమె నుంచి తీసేస్తే మిగిలేది పట్టుచీర కట్టుకున్న ఎవరో ఒకావిడ. మనకోసం కోపం తెచ్చుకునేవాళ్ళు ఈ దేశంలో మనకి ఎంతమంది ఉన్నారు? నాకైతే ఒక్కతే ఉండేది.

బావగారికి తోడుగా నేను, నాలుగు రోజులు సెలవు పెట్టి, హాయిల్ వెళ్ళాను. కాగితాల కోసం తిరగడం, సంతకాలు, ఆమెను కాకినాడ పంపడం అన్నీ ఆయనే చేసుకున్నారు. ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఒక ఆఫీసులో ఆమె పేరు తప్పు రాశారని నేను అరవబోతే, "నువ్వుండమ్మా" అని తనే నిదానంగా మళ్ళీ రాయించారు.

విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఊరు దాటాక గోధుమ పొలాలు వచ్చాయి. బావగారు టాక్సీ ఆపమన్నారు. దిగి, కంచె దగ్గర నిలబడ్డారు. పచ్చటి పైరు కనుచూపు మేర ఉంది. నీళ్ళు చిమ్మే పొడవాటి ఇనుప గొట్టం ఒకటి, చక్రాల మీద, పొలంలో గుండ్రంగా మెల్లగా తిరుగుతోంది.

"ఇది తను చూసిందంటావా?" అని అడిగారు, నా వైపు తిరగకుండా.

తెలియదన్నాను.

గాలికి ఆ నీటి తుంపర మా దాకా వచ్చింది. ఆయన కళ్ళజోడు మీద చుక్కలు పడ్డాయి. తుడుచుకోలేదు. గొట్టం మెల్లగా మమ్మల్ని దాటి వెళ్ళేదాకా, మేం అక్కడే నిలబడ్డాం.