గంటాయన పాట

మా మేనత్తకు రేడియో స్టేషన్లో ఉద్యోగం అనగానే అందరూ "ఏ కార్యక్రమంలో మాట్లాడతారు?" అని అడిగేవారు. ఆవిడ మాట్లాడేది కాదు, వినేది. శ్రోతలు చేసే ఫోన్లు తీయడం ఆవిడ పని. మెట్ల కింద ఇరుకు గది, ఒక బల్ల, బల్ల మీద రెండు ఫోన్లు, నెత్తిన కిర్రుమనే ఫ్యాను. స్పీకరు ఉంటే ఫోన్లో గోల పుడుతుందని ఆ గదిలో పెట్టలేదు. స్టేషన్ మొత్తమ్మీద రేడియో వినపడని గది అదొక్కటే. ఊరంతా ఏం వింటోందో అత్తకు జనం తిడితేనే తెలిసేది.

భర్త పోయాక మా నాన్న చెల్లెల్ని మా ఇంటికి తీసుకొచ్చేశాడు. పిల్లల్లేరు. స్టేషన్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఫోనత్త. ఎవరెంత నోరు పారేసుకున్నా "అలాగేనండీ, చెబుతానండీ" అనేది. ఇంట్లో కూనిరాగం తీయగా మేమెప్పుడూ వినలేదు. "ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ నా చెవిలోనే పోస్తారు. ఇక నా గొంతు కూడా ఎందుకే?" అనేది నాతో.

విదేశీ సంగీతం కార్యక్రమం చూసే గడ్డంసారు ఒకరోజు నల్లటి అట్టలో రికార్డు పట్టుకుని అత్త గదిలోకి వచ్చాడు.

"ఈ ఆదివారం మధ్యాహ్నం ఇది వేస్తున్నానమ్మా. ఫోన్లు ఎక్కువ రావచ్చు. ముందే చెబుతున్నాను."

"ఏం పాటలు సారూ?"

"పాటలు కావు. ఫ్రీ జాజ్ అంటారు. రాగం ఉండదు, తాళం ఉండదు. నలుగురు నాలుగు వైపుల నుంచి మొదలెడతారు."

"మరి కలిసేదెక్కడ?"

"కలవాలని రూలేం లేదు."

"మా ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లాగా అన్నమాట," అంది అత్త. గడ్డంసారు నవ్వాడు గానీ ఆయన చేతులు మాత్రం రికార్డును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునే ఉన్నాయట.

ఆదివారం రికార్డు మొదలైన కాసేపటికే ఫోన్లు అందుకున్నాయి. ఒకాయన మర్యాదగా, "మీ యంత్రం చెడిపోయినట్టుంది, చూసుకోండమ్మా" అన్నాడు. ఇంకొకాయన ఏనుగు గొంతు పిసుకుతున్నారా అని అడిగాడు. ఒక దర్జీ చెయ్యి అదిరి కుట్టు పక్కకు పోయిందని గోల పెట్టాడు. అత్త అందరికీ "అలాగేనండీ" అంటూనే ఉంది. ఆ మాటల వెనకాల, ఒకరి వంటింట్లోంచి, ఒకరి దుకాణంలోంచి ఆ సంగీతం ముక్కలు ముక్కలుగా ఆవిడ చెవిన పడుతోంది. అంతకు మించి ఆవిడ విన్నది లేదు.

తర్వాత ఫోన్ల తీరు మారింది. ఒక తల్లి గుసగుసగా మాట్లాడింది. "పొద్దుట్నించీ ఏడుస్తున్న పిల్ల ఊరుకుందండీ. కళ్ళు ఇంతింత చేసుకుని గోడకేసి చూస్తోంది. నవ్వదు, కదలదు. దయచేసి ఆపేయండి." మరొకాయన, "ఆ డోలు వెనకాల ఎవరో తలుపు కొడుతున్నారు. వెళ్ళి తీశాను, ఎవరూ లేరు. మళ్ళీ కొడుతున్నారు. రికార్డులోనా, మా ఇంట్లోనా? అదొక్కటీ చెప్పండమ్మా చాలు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపమైతే అత్తకు అలవాటే.

అప్పుడొచ్చిందొక ఫోను. మాట లేదు. బరువైన ఊపిరి, దాని వెనకాల రేడియో. "హలో, శ్రోతల విభాగం" అంది అత్త. రేడియోలో శాక్సోఫోన్ బాకా బొంగురుగా ఒక కూత కూసింది. ఆ వెంటనే, చాలా దగ్గర నుంచి, ఇంకో కూత.

రెండో ఫోను మోగితే దాన్ని ఎడమ చెవికి ఆనించింది. ఎవరో ఇల్లాలు, "అమ్మయ్య, అయిపోయిందండీ! మళ్ళీ మనుషుల మాటలు వస్తున్నాయి. ఇంకెప్పుడూ వేయకండి తల్లీ" అని పెట్టేసింది. రికార్డు అయిపోయింది. ఎడమ చెవికి అది తెలిసింది. కుడి చెవిలో మాత్రం ఆ వాయిద్యం ఆగలేదు. లేచి, విరిగి, మళ్ళీ లేచి, ఒక్కటే మోగుతోంది.

ఫోను పెట్టేయడానికి అత్తకు చెయ్యి రాలేదు. అదే ఆగిపోయేదాకా విన్నది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే ఊపిరి, అదే కూత. ఇప్పుడు వెనకాల రేడియోలో వ్యవసాయం ముచ్చట్లో వార్తలో వస్తుండేవి. అత్త ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో గేటు కిర్రుమంటే ఉలిక్కిపడేది. కుక్కరు కూత పెడితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయేది. మా అమ్మ కనిపెట్టి, "ఏంటమ్మాయ్, అలా అయిపోతున్నావు?" అని అడిగింది.

"ఎవరో పిలుస్తున్నారు వదినా."

"ఎవర్ని?"

"అది తెలియడం లేదు. పిలుస్తున్నారని మాత్రం తెలుస్తోంది."

చివరికి గడ్డంసారును పిలిచి రిసీవరు ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. విని రిసీవరును నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"ఆ రికార్డు నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదమ్మా. అందులో ఈ ముక్క లేదు," అన్నాడు. "కానీ ఉండాల్సిన ముక్కే."



మరుసటి వారం ఫోనులో కూతకు బదులు ఒక ఆడమనిషి గొంతు పలికింది. అలిసిపోయిన గొంతు.

"ఆ ఆదివారం మీరేం వేశారండీ? మా నాన్న పక్షవాతంతో పడిపోయి చాలా కాలమైంది. మాట పోయింది. ఇక రాదని డాక్టర్లు తేల్చేశారు. నేను కొట్టుకు వెళ్ళిన టైములో ఆయన రేడియో పెట్టుకుని కూర్చుంటారు. ఇవాళ త్వరగా ఇంటికొస్తే ఎడమ చేత్తో ఫోను పట్టుకుని అరుస్తున్నారు. ఆ ఆదివారం నించీ రోజూ ఇదే వరసని పక్కింటివాళ్ళు చెప్పారు. గొంతైతే లేచింది గానీ, అది మా నాన్న గొంతు కాదండీ."

"ఆయన ఏం పనిచేసేవారమ్మా?"

"మార్కెట్ యార్డులో పాట పెట్టేవారు. అంటే మీ పాట కాదు, వేలంపాట. గంట కొట్టి మొదలెట్టేవారు, అందుకే యార్డులో గంటాయన అంటే ఆయనే. ఆయన ఒక్క కేక వేస్తే ఆ మూల లారీ దగ్గరున్నవాడు కూడా తిరిగి చూసేవాడు."

అత్త "అలాగేనండీ, చెబుతానండీ" అనలేదు. ఇల్లెక్కడో అడిగింది.

గడ్డంసారు రికార్డును ఒక టేపులోకి ఎక్కించి ఇచ్చాడు. అది పర్సులో వేసుకుని, సెలవు రోజు మధ్యాహ్నం అత్త ఆ ఇంటికి వెళ్ళింది. మేడ మీద ఒకే పొడుగాటి గది. కిటికీ పక్కన కుర్చీలో గంటాయన. ముఖం ఒక పక్కకు జారిపోయింది. కుడి చెయ్యి ఒళ్ళో ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడుంది. అత్త "నమస్కారమండీ" అన్నదో లేదో ఆయన తల గిర్రున తిరిగింది. ఫోనులో గొంతు గుర్తుపట్టాడు.

కూతురి టేపు రికార్డరులో టేపు పెట్టారు. ఫోనులో ముక్కలుగా విన్నదాన్ని అత్త మొదటిసారి ఒక గదిలో కూర్చుని వింది. అయితే వినడానికి కుదరలేదు. శాక్సోఫోన్ ఆగిన చోటల్లా గంటాయన అందుకుంటున్నాడు. అది ఆగడం ముందే తెలిసినట్టు అందుకుంటున్నాడు. మాటలు లేవు. కేక ఉంది, ఒడుపు ఉంది, ఊరింపు ఉంది. ఎడమ చెయ్యి పైకెత్తి గోడ మీది గడియారాన్ని చూపించాడు. తర్వాత బీరువాకూ తలుపుకూ మధ్యనున్న మూలకేసి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ మూలనుంచి ఏదో విన్నట్టు తలాడించి, ఇంకాస్త గొంతు పెంచాడు. చివర కుర్చీ చేతి మీద మూడుసార్లు కొట్టాడు. మూడో దెబ్బకు చేతిని అక్కడే ఉంచేశాడు.

ఆయన కూతురు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంట్లో సామాన్లు పాటకు పెడుతున్నారండీ," అంది. "మొన్న ఆయన గాజు గ్లాసు. అప్పట్నించీ దాంట్లో నీళ్ళిస్తే తాగరు. ఎవరిదో ఎంగిలి గ్లాసు ఇచ్చినట్టు నా వంక చూస్తారు. నిన్న మంచం. రాత్రంతా నేల మీదే పడుకున్నారు. నేను ఎత్తలేను కదా. ఇక ఇప్పుడు టైము చూడరు, చూసుకోండి."

నిజమే. గంటాయన గడియారం వైపు నుంచి ముఖం తిప్పేసుకున్నాడు.

"కొంటున్నదెవరమ్మా?" అంది అత్త.

"నాకేం తెలుసు? ఆ మూల నిలబడ్డవాళ్ళు."

ఇద్దరూ మూలకేసి చూశారు. అక్కడ ఒక చీపురు మాత్రం ఉంది.

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. గంటాయన ఈసారి కుర్చీ పక్కనున్న తన రేడియోను చూపించాడు. అత్తకు ఎలా తోచిందో ఆవిడకే తెలియదట. చెయ్యి పైకెత్తింది.

గంటాయన కన్ను మూల నుంచి ఆవిడ మీదికి వచ్చింది. ఆయన గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఇద్దరు పాటదారులు దొరికిన మనిషి గొంతది. అత్త వైపొక కేక, మూల వైపొక కేక. మూల వైపు తిరిగినప్పుడల్లా ఆయనకు జవాబు దొరుకుతోంది, అక్కడ ధర పెరుగుతోంది. అత్త మళ్ళీ చెయ్యెత్తింది. గదిలో జనం కిక్కిరిసినట్టు, ఎవరి భుజమో తన భుజానికి తగులుతున్నట్టు అనిపించిందట. జన్మలో నోరు విప్పి పాట పాడని మనిషి అక్కడ కూర్చుని పాట పాడింది. కుర్చీ చెయ్యి మీద మూడు దెబ్బలు పడ్డాయి. గంటాయన వేలు అత్తను చూపించింది.

"రేడియో నాదేనా అండీ? అయితే ఇక్కడే ఉంచుతాను. మీరు వింటూ ఉండండి," అంది అత్త.

ఆయన చెయ్యి చాచి రేడియో మీట తిప్పాడు. కూతురు ఏడ్చేసింది.

అలా అత్త వారానికోసారి ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. మంచాన్ని మళ్ళీ పాటకు పెట్టించి దక్కించుకుంది. బీరువా, కుర్చీ, దిండు, చెప్పులు అన్నీ పాడుకుంది. ఆవిడ కొన్నదల్లా ఆయన మామూలుగా వాడుకునేవాడు. గ్లాసూ గడియారమూ మాత్రం దక్కలేదు. ఎంత చూపించినా ఆయన వాటిని మళ్ళీ పాటకు పెట్టలేదు. మా నాన్నకు ఈ సంగతి తెలిసి, "ఇల్లంతా కొనేసుకుంటున్నావన్నమాట. ఇంటిపన్ను కట్టడానికి కూడా నువ్వే తయారవ్వు" అని ఆటపట్టించాడు. అత్త నవ్వలేదు.

"ఆ మూల నిలబడ్డవాడు నాకు పోటీ తగ్గించాడన్నయ్యా," అంది. "కావాలనే వదిలేస్తున్నాడు. దేనికోసమో చూస్తున్నాడు."

ఒక మధ్యాహ్నం టేపు సగంలో ఉండగా గంటాయన ఏ వస్తువునూ చూపించలేదు. ఎడమ అరచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. అలా పెట్టుకుని, తల నిలబెట్టి, యార్డులో మంచి సరుకు దిగినప్పుడు వేసేవాడు కాబోలు, అంత దర్జాగా కేక వేశాడు.

అత్త చెయ్యెత్తింది. ఆయన చూడలేదు. లేచి నిలబడి ఎత్తింది. కూతురికి అర్థమై ఆవిడా రెండు చేతులూ ఎత్తేసి, "నాన్నా, ఇటు! నాన్నా, నేను!" అని అరిచింది. గంటాయన వాళ్ళిద్దరి వైపూ ఓపిగ్గా ఒకసారి చూశాడు, ధర చాలనివాళ్ళను చూసినట్టు. మూలకేసి తిరిగాడు. చాలాసేపు అటే చూశాడు. ఆ సమయంలో టేపులో నలుగురూ ఒకేసారి ఊదుతున్నారు, బాదుతున్నారు. ఆ గోలలో కుర్చీ చేతి మీద పడిన మూడు దెబ్బలూ అత్తకు వినపడలేదు. కనపడ్డాయి.

ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ కేక వేయలేదు. పెట్టింది తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు. కూతురు సంతోషించింది. అత్తకు మాత్రం ఆయన్ని చూస్తే, అమ్ముడుపోయిన బస్తా లారీ కోసం గోడవారగా కూర్చున్నట్టు ఉండేదట. కొన్ని వారాలకు, కూతురు తల దువ్వుతుండగా, వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఆయన తలుపు వైపు చూశాడు. తల దువ్వెన కిందే వాలిపోయింది. అంతే.

గడ్డంసారుకు ఈ కథంతా అత్త చెప్పిందో లేదో నాకు తెలియదు. కొన్ని నెలల తర్వాత ఆయన ఆ రికార్డును మళ్ళీ వేస్తున్నాడని తెలిసి అత్త ఆ రోజుకు సెలవు పెట్టింది. ఇంట్లో మా అందరితో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వింది. మా నాన్న కాసేపటికే "ఇదేం గోలరా బాబూ" అని వీధిలోకి పోయాడు. అమ్మ బట్టలు మడతపెడుతూ, "ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది" అంది. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకో, మా ముందుగదిలో మేం ముగ్గురమే ఉన్నామా అని లెక్క చూసుకున్నాను.

అత్త చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు గట్టిగా ముడివేసుకుని కూర్చుంది. నా నుదుటి మీద జుట్టు పడుతుంటే తీసుకుందామని చెయ్యి లేపాను. ఆవిడ చటుక్కున నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది.

"ఇది అయ్యేదాకా చెయ్యెత్తకే," అంది మెల్లగా.